పాల కేంద్రం లెక్కతో వేరియబుల్స్, డేటా టైపులు: ప్రాజెక్టు డైరీ

పైథాన్ ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లు ఈ డైరీ చూసి ఇదే పని చేసుకోవచ్చు. సింగరాయకొండ దగ్గర మా ఊళ్లో పిన్ని పాల కేంద్రం చూసుకుంటుంది. పూటపూటా ఆమె నోటుబుక్కులో రాసే లెక్కను ప్రోగ్రాంలోకి ఎక్కించాలి. సభ్యుని నంబరు, పేరు, పోసిన పాలు, వెన్న శాతం, పది రోజులకోసారి బిల్లు. అంతకుమించి ఏమీ లేదు. అయినా ఈ చిన్న లెక్కలో వచ్చిన చిక్కులన్నీ రెండే చోట్ల పుట్టాయి: వేరియబుల్‌కి పెట్టిన పేరు దగ్గర, అందులో పెట్టిన విలువ రకం దగ్గర. వేరియబుల్ అంటే ప్రోగ్రాంలో ఒక విలువకు మనం తగిలించే పేరు; డేటా టైపు అంటే ఆ విలువ రకం. అందుకే డైరీ అంతా వాటి గురించే రాస్తున్నాను.

పనిముట్లు: పాత ల్యాప్‌టాప్, పైథాన్ 3, దాంతోపాటే వచ్చే ఐడిల్ ఎడిటర్, తెలుగు కీబోర్డు, సరిచూసుకోవడానికి పిన్ని నోటుబుక్కు, ఒక క్యాలిక్యులేటర్.

వేరియబుల్ పేర్లన్నీ తెలుగులోనే పెట్టాను. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి ఇది కుదురుతుంది. ఇంట్, ఫ్లోట్, ఇన్‌పుట్, రౌండ్ లాంటి పైథాన్ సొంత పదాలను ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగు లిపిలో రాశాను; మీరు మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి.

దశ 1: అయిదు పేర్లు, అన్నీ స్ట్రింగులే

1. ఇన్‌పుట్‌తో అయిదు విలువలు అడిగాను: సభ్యుని_నంబరు, పేరు, పాలు, వెన్న, రేటు.
2. ఉదయం పాలు, సాయంత్రం పాలు కూడి చూపమన్నాను.
3. ఉదయం 4, సాయంత్రం 3 ఇచ్చాను.

జవాబు 43 వచ్చింది. ఎర్రర్ ఏమీ లేదు, ప్రోగ్రాం హాయిగా నడిచింది. ఏడు లీటర్లు పోసిన మనిషికి నలభై మూడు లీటర్ల లెక్క.

కారణం ఇది. ఇన్‌పుట్ ఎప్పుడూ స్ట్రింగ్‌నే ఇస్తుంది, అంటే అక్షరాల వరుస. మనం నొక్కింది అంకె అయినా పైథాన్‌కి అది "4" అనే అక్షరమే. స్ట్రింగుల మధ్య ప్లస్ గుర్తు కూడిక చేయదు, ఒకదాని పక్కన ఒకటి అతికిస్తుంది. 4.5, 3.5 ఇచ్చి చూస్తే "4.53.5" అని వచ్చింది. ఇది చూడగానే తేడా ఉందని తెలిసిపోతుంది, 43 చూస్తే తెలియదు. అందుకే పరీక్షించేటప్పుడు పూర్ణసంఖ్యలూ ఇవ్వాలి, దశాంశాలూ ఇవ్వాలి.

ఇంకో పరీక్ష: ఎవరు ఎక్కువ పోశారో పోల్చమంటే "9" అనేది "10" కన్నా పెద్దదని చెప్పింది. స్ట్రింగుల్ని పోల్చేటప్పుడు మొదటి అక్షరంతో మొదలుపెడుతుంది. 9 అనే అక్షరం 1 తర్వాత వస్తుంది కాబట్టి అక్కడితో తీర్పు అయిపోతుంది.

మార్చింది: పాలు, వెన్న ఫ్లోట్‌గా, రేటు ఇంట్‌గా. ఫ్లోట్ అంటే దశాంశ బిందువున్న సంఖ్య, ఇంట్ అంటే పూర్ణసంఖ్య.

ఇప్పటికి: వేరియబుల్స్ 5, రకాలు 3 (స్ట్రింగ్, ఫ్లోట్, ఇంట్).

దశ 2: సభ్యుని నంబరు నంబరు కాదు

అదే ఊపులో సభ్యుని నంబరును కూడా ఇంట్ చేస్తే ఏమవుతుందో చూశాను. నోటుబుక్కులో నంబర్లు 001, 007, 010 అని ఉంటాయి. ఇంట్ చేయగానే ముందున్న సున్నాలు పోయి 1, 7, 10 మిగిలాయి. చీటీ మీద నంబరు మారిపోతే పాలు పోసేవాళ్లు ఒప్పుకోరు. ఇక ప్రోగ్రాంలో నేరుగా సభ్యుని_నంబరు = 010 అని రాస్తే పైథాన్ 3 ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆగడమే మేలు. సి భాషలోనూ, పాత పైథాన్ 2లోనూ ముందు సున్నా ఉంటే దాన్ని ఎనిమిది ఆధారంగా లెక్కపెట్టే సంఖ్య అనుకుంటాయి. అక్కడ 010 అంటే 8. పదో నంబరు వాళ్ల పాలు ఎనిమిదో నంబరు ఖాతాలో పడేవి.

నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే: దాన్ని కూడతామా, గుణిస్తామా? రెండూ చేయకపోతే అది స్ట్రింగే. సభ్యుని నంబరు, సెల్ నంబరు, పిన్‌కోడు, ఒంగోలు ఎస్టీడీ కోడ్ 08592, నెల్లూరుది 0861, బ్యాంకు ఖాతా నంబరు, అన్నీ ఈ కిందికే వస్తాయి. అన్నీ అంకెలే, కానీ ఒక్కటీ సంఖ్య కాదు.

మూడంకెలకు సున్నాలు నింపి ఉంచడంలో ఇంకో లాభం ఉంది. "1", "2", "10" అని స్ట్రింగులుగా పెడితే వరుసలో 1, 10, 2 అని వస్తాయి. "001", "002", "010" అయితే వరుస సరిగ్గా ఉంటుంది.

దశ 3: పేరులో కొలత లేకపోతే

ఈ దశలో ప్రోగ్రాం ఎర్రర్ ఇవ్వలేదు, రకాలూ సరిగ్గానే ఉన్నాయి. అయినా బిల్లు పిన్ని లెక్కతో కలవలేదు.

లెక్క ఇలా ఉంటుంది. కిలో వెన్నకి ఇంత అని రేటు. పోసిన పాలలో వెన్న ఎన్ని కిలోలో కట్టి, రేటుతో గుణిస్తారు. ఇక్కడ ఉదాహరణకి రేటు 780 రూపాయలు అనుకుందాం. ఎస్ఎన్ఎఫ్ (పాలలో వెన్న కాక మిగిలిన ఘన పదార్థాలు) కూడా చూసి రేటు కట్టే కేంద్రాలున్నాయి; ఆ మెలిక ఇందులో పెట్టలేదు.

పాలు = 4.5
వెన్న = 6.4
రేటు = 780

పాలు × వెన్న ÷ 100 × రేటు చేస్తే 224.64 రూపాయలు వచ్చింది. పిన్ని నోటుబుక్కులో 231.38 ఉంది. తేడా 6.74.

"నువ్వు లీటర్లని కిలోలు చేశావా లేదా?" అని అడిగింది పిన్ని.

అదే సంగతి. వెన్న శాతం బరువు మీద కడతారు. లీటరు పాలు కిలో కన్నా కాస్త ఎక్కువ తూగుతాయి, సుమారు 1.03 కిలోలు. 4.5 లీటర్లంటే 4.635 కిలోలు. దాంతో గుణిస్తే 231.3792 వస్తుంది. పూటకు 6.74 అంటే చిన్నదే అనిపిస్తుంది. రోజుకి రెండు పూటల చొప్పున పది రోజుల బిల్లులో ఒక్క మనిషికి 134 రూపాయల 80 పైసలు తగ్గుతుంది. గేదెను మేపి, పాలు పిండి, తెల్లవారుజామున క్యాను తెచ్చిన మనిషి డబ్బు అది.

4.5 లీటర్లైనా 4.5 కిలోలైనా పైథాన్‌కి రెండూ ఫ్లోటే. కొలతేదో అది చూడదు, మనమే పేరులో చెప్పాలి.

మార్చిన పేర్లు:

1. పాలు → పాలు_లీటర్లు
2. వెన్న → వెన్న_శాతం
3. రేటు → రేటు_కిలో_వెన్నకి
4. కొత్తది: లీటరు_బరువు_కిలోలు = 1.03

ఇప్పటికి: వేరియబుల్స్ 6, రకాలు 3. పరీక్ష బిల్లు: 224.64 నుంచి 231.3792.

పేర్ల విషయంలో ఒక అడ్డంకి కూడా రాసిపెడతాను, ఎందుకంటే తెలుగులో కోడ్ రాసే ప్రతి ఒక్కరికీ ఇది ఎదురవుతుంది. క్యాను ఖాళీ బరువు కోసం పెట్టిన పేరు దగ్గర పైథాన్ "కనిపించని అక్షరం ఉంది, యు+200సి" అని ఎర్రర్ ఇచ్చింది. తెరమీద చూస్తే పేరు శుభ్రంగా ఉంది. పొల్లు అక్షరం తర్వాతి అక్షరంతో కలిసి ఒత్తుగా మారకుండా కీబోర్డు మధ్యలో ఒక కనపడని గుర్తు పెడుతుంది. మామూలు రాతలో అది ఉండాల్సిందే. వేరియబుల్ పేరులో మాత్రం పైథాన్ ఒప్పుకోదు. పొల్లు వచ్చిన చోట అండర్‌స్కోర్ పెట్టండి: క్యాన్_బరువు. ఎర్రర్ పోతుంది. తెలుగు అంకెలు కూడా కోడ్‌లో నేరుగా రాయకూడదు. ఇన్‌పుట్‌లో ౪౫ అని ఇస్తే ఇంట్ దాన్ని 45గా తీసుకుంటుంది కానీ, ప్రోగ్రాం వరుసలో రాస్తే ఎర్రరే.

దశ 4: పైసల దగ్గర ఫ్లోట్

1.1 లీటర్లకు 2.2 కలిపితే 3.3000000000000003 వచ్చింది. లీటర్లలో ఆ చివరి 3 వల్ల ఎవరికీ నష్టం లేదు. డబ్బు దగ్గర ఉంది. కోతల కింద 4.35 రూపాయలను పైసలు చేయాలని 100తో గుణిస్తే 434.99999999999994 వచ్చింది. దాన్ని ఇంట్ చేస్తే 434. ఒక పైసా మాయం.

ఇది పైథాన్ లోపం కాదు. ఫ్లోట్ విలువలు కంప్యూటర్‌లో రెండు ఆధారంగా దాచబడతాయి. మూడో వంతును దశాంశాల్లో రాయబోతే 0.333 అంటూ ఎప్పటికీ తెగదు కదా, 0.1ని రెండు ఆధారంగా రాయబోయినా అంతే, తెగదు. 64 బిట్లలో పట్టే దగ్గరి విలువకు సర్దేస్తుంది. 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారమే చాలా భాషలు ఇలా చేస్తాయి. కాబట్టి భాష మార్చితే ఇది పోదు.

మార్చింది: డబ్బు లెక్కలో ఫ్లోట్ అన్నదే లేకుండా చేశాను. ప్రతి విలువనూ దాని చిన్న కొలతలో పూర్ణసంఖ్యగా ఉంచాను.

పాలు_మిల్లీలీటర్లు = 4500
వెన్న_పదోవంతులు = 64
రేటు_పైసలు = 78000
లీటరు_బరువు_గ్రాములు = 1030

నాలుగూ గుణిస్తే 2,31,37,92,00,00,000 వస్తుంది. దాన్ని 100 కోట్లతో భాగిస్తే పైసల్లో బిల్లు: 23137.92. ఇక్కడ మూడు నిర్ణయాలు తీసుకోవాల్సి వచ్చింది.

మొదటిది, భాగహారం ఎన్నిసార్లు. చివర ఒక్కసారే. మధ్యలో భాగిస్తే అక్కడే ముక్కలు రాలిపోతాయి.

రెండోది, ఏ భాగహారం. ఒక గీత పెడితే పైథాన్ ఎప్పుడూ ఫ్లోట్ ఇస్తుంది. 100 / 4 కూడా 25.0 అవుతుంది. రెండు గీతలు (//) పెడితే కింది పూర్ణసంఖ్య ఇస్తుంది. కానీ ఉత్తి // పెడితే 23137 వస్తుంది, 0.92 పైసా పోతుంది. ప్రతిసారీ కిందికే దిగితే ప్రతిసారీ పోసేవాళ్ల వైపునుంచే పోతుంది. కొంచెమే అయినా ఒకే వైపు వంగిన తూకం నాకు సమ్మతం కాదు. అందుకని భాగించే ముందు 50 కోట్లు, అంటే భాజకంలో సగం, కలిపాను. అప్పుడు 23138 వస్తుంది. సగం, ఆపైన ఉంటే పైకి, తక్కువైతే కిందికి.

మూడోది, రౌండ్ వాడకూడదా? బిల్లు పైసల దగ్గర వాడలేదు. పైథాన్ రౌండ్ సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు పోతుంది: 2.5ని 2 చేస్తుంది, 3.5ని 4 చేస్తుంది. దానికో న్యాయం ఉంది, కానీ చేతిలెక్క వేసుకునే మనిషికి 2.5 అంటే 3. పిన్ని లెక్కా, మెషిన్ లెక్కా ఒకటిగా ఉండాలి. కీబోర్డు నుంచి వచ్చిన 6.4ని 64 చేసే చోట మాత్రం రౌండ్ వాడాను; అక్కడ ఇంట్ వాడితే 434 కథే మళ్లీ వస్తుంది.

సి భాషలో చేసేవాళ్లకు ఒక హెచ్చరిక: అక్కడ ఇంట్ సాధారణంగా 32 బిట్లు, అందులో పట్టే పెద్ద సంఖ్య 2,14,74,83,647. పై గుణకారం అందులో పట్టదు. 64 బిట్ల రకం తీసుకోండి. పైథాన్ ఇంట్‌కి అలాంటి హద్దు లేదు, మెమరీ ఉన్నంత వరకు పెరుగుతుంది.

చూపించే చోట ఒక చిక్కు. పైసల్ని రూపాయలుగా చూపడానికి // 100తో రూపాయలు, % 100తో మిగిలిన పైసలు తీసుకుని మధ్యలో చుక్క పెట్టాను. 69305 పైసలకు "693.5" అని పడింది. చదివేవాళ్లకు అది 693 రూపాయల 50 పైసలు. పైసల భాగాన్ని రెండంకెలకు సున్నా నింపి "05" చేయాలి. అంటే లెక్క అంతా ఇంట్‌లో, చీటీ మీద మాత్రం స్ట్రింగ్.

ఇప్పటికి: వేరియబుల్స్ 7 (బిల్లు_పైసలు చేరింది), నిల్వ ఉంచే రకాలు 2 (స్ట్రింగ్, ఇంట్). పరీక్ష బిల్లు: 231.38, నోటుబుక్కుతో కలిసింది.

దశ 5: పక్కవాళ్ల వెన్న

కేంద్రంలో నిజంగా వాడటం మొదలుపెట్టాక బయటపడింది ఇది. నా దృష్టిలో ఈ డైరీ మొత్తంలో ముఖ్యమైన పేజీ ఇదే.

చీటీ తీసుకున్న ఒకావిడ కదలకుండా నిలబడింది. "ఏందమ్మాయ్, నా ముందు పోసినాయనకీ ఏడు పాయింట్ ఒకటే, నాకూ ఏడు పాయింట్ ఒకటేనా? మా గేదె ఎప్పుడూ ఏడు దాటదే!"

ఎక్కువ వచ్చినందుకు ఊరుకోకుండా అడిగింది. పిన్ని వెన్న శాతం కొలిచే మెషిన్ వైపు చూసింది. ఆవిడ పాలకు రీడింగ్ ఇంకా రాలేదు. హడావిడిలో పిన్ని వెన్న దగ్గర ఏమీ టైప్ చేయకుండా ఎంటర్ నొక్కేసింది. ప్రోగ్రాంలో "ఖాళీగా ఉంటే వదిలేయి" అని ఉంది. వదిలేసింది. కానీ వెన్న_పదోవంతులు అనే పేరుకి అంతకుముందు మనిషి 71 అలాగే అంటుకుని ఉంది. లెక్క దాంతోనే కట్టింది.

పుస్తకాల్లో వేరియబుల్‌ని పెట్టెతో పోలుస్తారు. పైథాన్‌కి క్యాను మెడకు కట్టే చీటీ అనుకుంటే ఇంకా నప్పుతుంది: మనం విప్పి ఇంకో విలువకు కట్టేదాకా చీటీ పాతదానికే ఉంటుంది. మనిషి మారాడని ప్రోగ్రాంకి తెలియదు.

మొదట తట్టే పరిష్కారం, ప్రతి మనిషికీ ముందు వెన్న_పదోవంతులు = 0 పెట్టడం. అది ఇంకో తప్పుకి దారి. సున్నా ఒక విలువ. రీడింగ్ రాకపోతే బిల్లు సున్నా అవుతుంది, సరాసరి కూడా పడిపోతుంది. చూడండి: 6.4, 6.2, 6.6 వచ్చి, ఒక పూట రీడింగ్ లేదు. దాన్ని సున్నాగా వేస్తే సరాసరి 19.2 ÷ 4 = 4.8. లేనిదాన్ని వదిలి కడితే 19.2 ÷ 3 = 6.4. 4.8 చూసినవాళ్లెవరైనా నీళ్లు కలిపారనుకుంటారు.

దీనికోసమే పైథాన్‌లో నన్ (None) అనే విలువ ఉంది. "ఇంకా ఏమీ లేదు" అని దాని అర్థం. సున్నా వేరు, ఖాళీ స్ట్రింగ్ వేరు, నన్ వేరు. నన్‌ని దేంతోనైనా గుణించబోతే టైప్ ఎర్రర్ వచ్చి ప్రోగ్రాం ఆగుతుంది. తప్పు బిల్లు అచ్చయ్యే కన్నా ఆగిపోవడం వెయ్యి రెట్లు నయం.

మార్చిన వరుస:

1. కొత్త సభ్యుని నంబరు అడిగే ముందే పాలు, వెన్న, బిల్లు మూడింటికీ నన్ పెట్టు.
2. వెన్న నన్‌గానే ఉంటే బిల్లు కట్టకు. చీటీ మీద "రీడింగ్ రావాలి" అని వేయి.
3. సరాసరిలో నన్ ఉన్న పూటలను లెక్కలోనూ, భాజకంలోనూ వదిలేయి.

ఇప్పటికి: వేరియబుల్స్ 7, రకాలు 3.

దశ 6: అవును, కాదు

బిల్లు చెల్లించారా లేదా అనేదానికి బూల్ రకం. ట్రూ, ఫాల్స్ అని రెండే విలువలు. ఇన్‌పుట్‌లో "కాదు" అని టైప్ చేసి, దాన్ని నేరుగా బూల్ చేస్తే ట్రూ వచ్చింది! ఖాళీ కాని ఏ స్ట్రింగైనా బూల్‌కి ట్రూనే. "కాదు" అయినా, "0" అయినా. అర్థం చూడదు, అక్షరం ఉందా లేదా అనే చూస్తుంది. అందుకని జవాబును "అవును"తో పోల్చి, ఆ పోలిక ఫలితాన్నే చెల్లించారా అనే పేరుకి ఇచ్చాను. పోలికకు రెండు సమాన గుర్తులు (==); ఒకటే పెడితే అది విలువ ఇవ్వడం. చివర ఖాళీ స్పేస్ పడితే పోలిక తప్పుతుంది కాబట్టి స్ట్రిప్‌తో కోసేయాలి.

ఇప్పటికి: వేరియబుల్స్ 8, రకాలు 4.

దశ 7: ఒకే మనిషికి రెండు ఖాతాలు

పేరుతో వెతికితే "సురేష్" ఒకచోట దొరికాడు, ఇంకోచోట దొరకలేదు. రెండూ తెరమీద ఒకేలా ఉన్నాయి. లెన్‌తో పొడవు కొలిస్తే ఒకటి 6, ఒకటి 7. ఫోన్ కీబోర్డు నుంచి కాపీ చేసిన పేరు చివర పొల్లు తర్వాత అదే కనపడని గుర్తు, దశ 3లోది. స్ట్రింగ్‌లో అది ఎర్రర్ ఇవ్వదు, నిశ్శబ్దంగా వేరే పేరైపోతుంది.

మూడక్షరాల పేరుకి పొడవు 6 ఏంటని అడుగుతారేమో. పైథాన్ మనం పలికే అక్షరాలను లెక్కపెట్టదు. యూనికోడ్ గుర్తులను లెక్కపెడుతుంది. స, ఉకారం, ర, ఏకారం, ష, పొల్లు. "నెల్లూరు" పొడవు ఇదే పద్ధతిలో 8. చీటీ మీద పేరుకి ఇన్ని అక్షరాల చోటు అని లెన్‌తో కొలిచి పెడితే తెలుగులో వరుసలు తప్పుతాయి.

మార్చింది: ఖాతా వెతకడం సభ్యుని_నంబరుతోనే. పేరు చదువుకోవడానికి మాత్రమే.

సరిచూసుకోవడానికి

మీరు రాసిన ప్రోగ్రాంలో రేటు 780, లీటరు బరువు 1.03 పెట్టి ఇవి ఇచ్చి చూడండి.

1. 001: 4.5 లీటర్లు, వెన్న 6.4 → 23138 పైసలు. మొత్తం 231.38
2. 010: 3.2 లీటర్లు, వెన్న 7.1 → 18253 పైసలు. మొత్తం 413.91
3. 007: 6 లీటర్లు, వెన్న 5.8 → 27958 పైసలు. మొత్తం 693.49
4. 002: 5 లీటర్లు, వెన్న ఖాళీ → బిల్లు లేదు, "రీడింగ్ రావాలి". మొత్తం 693.49

నాలుగోదానికి 5.8తో లెక్క వస్తే దశ 5కి వెళ్లండి. రెండోది 10 అని పడితే దశ 2కి.

మిగిలిన పని తేదీ. ఇప్పటికి అది స్ట్రింగ్‌గానే ఉంది. రోజు-నెల-సంవత్సరం వరుసలో రాస్తే 01-08-2025 అనేది 31-07-2025 కన్నా ముందుకు వస్తోంది, పది రోజుల బిల్లు నెల మారే చోట తెగిపోతోంది. పైథాన్‌లో తేదీకి విడిగా డేట్ రకం ఉంది, దానిలోకి మార్చాలి. అది అయ్యేదాకా 2025-08-01 లాగా సంవత్సరం, నెల, రోజు వరుసలో సున్నాలతో సహా టైప్ చేస్తున్నాం; అలా రాస్తే స్ట్రింగులుగా పేర్చినా తేదీల వరుస తప్పడం లేదు.